ఓడినవాళ్ళింటి నెట్టు

మా వీధిలో ఏ ఆడపిల్లా ఆటకి వెళ్తానని తన నోటితో తను అడగదు. అడిగితే పని జరగదు. "పొద్దుగూకేవేళ ఏటే ఆటలు, ఆ అంట్లెవరు తోముతారు?" అని అమ్మ ఒక్క మాటతో తేల్చిపారేస్తుంది. అదే పక్కింటి పిల్ల వచ్చి గేటు పట్టుకుని "పిన్నీ, దీన్ని కాస్సేపు పంపించండి" అంటే కాదనడానికి ఏ తల్లికీ నోరు రాదు. సొంత కూతుర్ని కసిరినట్టు పరాయి పిల్లని కసరలేరు కదా. అందుకని భిలాయ్ సెక్టర్ 4లో మా క్వార్టర్ల మధ్య ఇదొక అలవాటుగా స్థిరపడిపోయింది. నా కోసం నువ్వు అడుగు, నీ కోసం నేను అడుగుతాను. నా సాయంత్రం నీ చేతిలో, నీ సాయంత్రం నా చేతిలో.

మేము ఐదుగురం. నేను, మా ఎదురు క్వార్టర్ పిల్ల, పక్క వీధి ఛత్తీస్‌గఢీ అమ్మాయి, వెనక వరసలో ఉండే బీహారీ అక్కచెల్లెళ్ళిద్దరు. అందరి నాన్నలూ స్టీల్ ప్లాంటు మనుషులే, అందరం కాలేజీలో ఉన్నవాళ్ళమే. ఎదురు క్వార్టర్ పిల్లది మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. పుట్టిన దగ్గర్నుంచీ ఎదురుబొదురు గేట్లు. వాళ్ళమ్మని నేను పిన్నీ అంటాను, మా అమ్మని అది పిన్నీ అంటుంది. ఇక్కడ మాత్రం దాన్ని 'ఎదురింటిది' అనే రాస్తాను. పేరు పెట్టి పిలిచే మనసు నాకింకా రాలేదు.

మా ఆట త్రోబాల్. బంతిని పట్టుకోవడం, నెట్టు మీంచి అవతలికి విసరడం, అంతే. బీహారీ అమ్మాయిల నాన్న ఎక్కడో పారేయబోతే తెచ్చిన పాత వాలీబాల్ నెట్టు మాది. చిరిగిన చోటల్లా చీర పీలికలతో ముళ్ళు వేశాం. ఒక కొస గుల్‌మొహర్ చెట్టుకి, రెండో కొస బట్టలారేసుకునే ఇనప స్తంభానికి. ఐదుగురు ఆడితే ఒకవైపు ముగ్గురు, ఒకవైపు ఇద్దరు అవుతారు కదా. మాకదో బాధే కాదు. దారిన పోయే వాళ్ళెవరో ఒకరు వచ్చి కలిసేవారు. ట్యూషన్ నుంచి వస్తున్న చిన్న పిల్లలు, కొంగు బొడ్లో దోపుకుని కొత్తగా కాపురానికొచ్చిన భాభీ, ఒకరోజు ఎదురింటి పిన్ని కూడా. పిన్ని విసిరిన బంతి వెళ్ళి ఎవరిదో కిటికీకి తగిలితే "ఓలమ్మో" అంటూ ఇంట్లోకి పరిగెత్తింది. ఎంతమంది వస్తే అంతమందిని కలుపుకునేవాళ్ళం. నీకు జాగా లేదు అన్న మాట ఆ నేల మీద నేను ఎప్పుడూ వినలేదు.

ఆటకి మేము పెట్టుకున్న నియమం ఒకటుంది. ఓడిన జట్టులో ఒకరు నెట్టూ బంతీ ఇంటికి తీసుకెళ్ళాలి. మర్నాడు వాళ్ళే ముందుగా వచ్చి కట్టాలి. కట్టాక ఒక్కో గేటు దగ్గరికీ వెళ్ళి అడిగి అందర్నీ తీసుకురావాలి. ఓడినవాళ్ళు అలిగి మర్నాడు ఎగ్గొట్టకుండా పెట్టుకున్న మందు అది. దానివల్ల ఇంకో లాభం కూడా ఉండేది. నెట్టు మన ఇంట్లో ఉంటే ఎవరూ వచ్చి అడగక్కర్లేదు. "పదిమంది వస్తువు మనింట్లో ఎందుకే, పట్టికెళ్ళి కట్టీసిరా" అని అమ్మే తరిమేది.

అన్నీ మూతపడటానికి ముందు ఆడిన ఆఖరి ఆటలో ఓడింది నేనే. గెలవాల్సిన బంతిని చెట్టుకొమ్మల్లోకి విసిరాను. ఎదురింటిది పొట్ట పట్టుకుని నవ్వింది. "రేపు బేగొచ్చి కట్టు మరి, ఓడిపోయిన మొహమా!" అంది. నేను నెట్టు చుట్టచుట్టి భుజాన వేసుకుని దాన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. ఆ రేపు రానే లేదు. నెట్టు నా మంచం కింద ఉండిపోయింది.

లాక్‌డౌన్‌లో మా వీధికి రెండు వైపులా వెదురు బొంగులు కట్టేశారు. నాన్న మాత్రం పాసు పెట్టుకుని డ్యూటీకి వెళ్ళొచ్చేవాడు. వచ్చాక పెరట్లో కుళాయి కింద తలారా స్నానం చేస్తే గానీ అమ్మ గడప దాటనిచ్చేది కాదు. నేనూ ఎదురింటిదీ మాస్కులు పెట్టుకుని ఎవరి గేటు దగ్గర వాళ్ళం నిలబడి రోడ్డుకి అడ్డంగా అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. "ఇది ఒక్కసారి తెరవనీ యార్, మొదటి రోజే నిన్ను మళ్ళీ ఓడిస్తాను. నెట్టు జాగ్రత్త" అనేది. జాగ్రత్తగానే ఉంచాను. ఎలకలు కొట్టకుండా పాత దుప్పట్లో చుట్టి కలరా ఉండలు కూడా వేశాను.

ఈలోగా ఆట ఫోన్లోకి వెళ్ళింది. ముందు లూడో. ఇళ్ళలో తల్లులూ తండ్రులూ కూడా ఆడారు, నేనేమీ తప్పు పట్టను. కానీ లూడోలో రంగులు నాలుగే. మేమేమో ఐదుగురం. "వంతులవారీగా ఆడదాం" అన్నారు. నా వంతు వచ్చేసరికి ఎవరో ఒకరికి నెట్‌వర్క్ పోయేది, లేకపోతే అన్నానికి పిలుపొచ్చేది. తర్వాత తుపాకులతో కాల్చుకునే ఆట వచ్చింది. దాంట్లోనూ జట్టుకి నలుగురే. అది నా పాత ఫోనులో ఎక్కించబోతే తెర నల్లగా అయిపోయి ఊరుకునేది. మంచి ఫోను ఒకటుంది గానీ, దాంట్లో తమ్ముడి క్లాసులు, ఆ తర్వాత వాడి హోంవర్కు, ఆ తర్వాత శ్రీకాకుళంలో ఉన్న మా పెద్దమ్మతో అమ్మ ముచ్చట్లు. "పోనీ నువ్వు చూస్తూ ఉండు" అన్నారు వాళ్ళు. నలుగురు ఆడుతుంటే కూర్చుని చూడటానికి నేనేమైనా ముసలమ్మనా?

సాయంత్రమయ్యేసరికి ఎదురింటి కిటికీలోంచి దాని అరుపులు వినిపించేవి. "పీఛే దేఖ్, పీఛే! అరే మార్ నా!" అదే గొంతు, నెట్టు దగ్గర "పట్టుకోవే, పట్టుకో!" అని అరిచిన గొంతే. కుళ్ళుకున్నాను. దాచడానికేముంది? అయినా ఒక ధైర్యం ఉండేది. ఇది నాలుగు గోడల మధ్య ఉన్నన్నాళ్ళే, గేట్లు తెరిస్తే అందరం మళ్ళీ చెట్టు కిందే అనుకునేదాన్ని.

కరోనా రెండోసారి వచ్చిన ఆ వేసవి గురించి ఎక్కువ రాయలేను. మా వరసలోనే రెండిళ్ళలో మనుషులు పోయారు. ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళి ఏడవడానికి కూడా లేకపోయింది. ఆ రోజుల్లో ఎదురింటి కిటికీలోంచి కూడా ఏ చప్పుడూ రాలేదు. బంతిలో గాలి దానంతటదే పోయింది.

చివరికి బొంగులు తీసేశారు. కాలేజీలు తెరిచారు, బజార్లు తెరిచారు. నేను దుప్పటి విప్పి నెట్టు బయటికి తీశాను. ఊడిపోయిన ముళ్ళు మళ్ళీ వేశాను, బంతికి గాలి కొట్టించుకొచ్చాను. చెట్టు కింద మోకాలెత్తు పిచ్చిమొక్కలు పెరిగి ఉంటే కొడవలి పట్టుకెళ్ళి నేనే కోశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. నెట్టు బిగించి కట్టి, ముఖం కడుక్కుని, గేట్లు అడగడానికి బయల్దేరాను. ఎంత సంబరంగా వెళ్ళానో నాకే తెలుసు.

ఛత్తీస్‌గఢీ అమ్మాయి వాళ్ళమ్మ "ఆజ్ నహీ బేటీ" అంది. బీహారీ ఇంట్లో పరీక్షలన్నారు. ఎదురింటి గేటు దగ్గరికి వచ్చి "పిన్నీ, దీన్ని కాస్సేపు పంపించండి" అన్నాను. పిన్ని నా ముఖం చూడకుండా, కుండీలో మొక్క వైపు చూస్తూ, "ఈవేళొద్దమ్మా" అంది. సరే, మొదటి రోజు కదా, భయం ఇంకా పోలేదేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఒకరోజు తలనొప్పి, ఒకరోజు చుట్టాలు, ఒకరోజు ఊరికే "ఒద్దులే తల్లీ". వాళ్ళని ఫోన్లో అడిగితే "మమ్మీ నహీ మాన్ రహీ యార్, కల్ పక్కా" అనేవారు. అమ్మ ఒప్పుకోవట్లేదట, రేపు ఖాయమట. ఆ కల్ ఎప్పుడూ పక్కా అవలేదు.

నాకు తల్లుల మీద ఒళ్ళు మండిపోయింది. వీళ్ళకి మంచి సాకు దొరికింది, ఇన్నాళ్ళూ గదుల్లో ఉన్న పిల్లల్ని ఇక శాశ్వతంగా గదుల్లోనే ఉంచేద్దామని చూస్తున్నారు అనుకున్నాను. మరి మా వీధిలో వద్దనేవాళ్ళెవరు? ఎప్పుడూ తల్లులే. పిల్ల వద్దంటుందని కలలో కూడా ఎవరికైనా తడుతుందా? మా అమ్మతో కూడా ఆ పిల్లల తరఫున దెబ్బలాడాను. "మీ అమ్మలంతా ఒకటే" అన్నాను. అమ్మ కూర తరుగుతూ తలెత్తలేదు. "నువ్వు గేట్లంట తిరగడమే గానీ, నీ కోసం ఎవరొచ్చి అడుగుతున్నారే?" అంది.

అసలు పోటు అక్కడుంది. నాన్న కూడా ఒకరోజు బూట్లు విప్పుతూ, "నువ్వొక్కర్తివీ ఆ చెట్టు కింద నిలబడితే పోయేవాళ్ళు చూస్తన్నారు. ఎవరూ రాకపోతే ఆ నెట్టు ఇచ్చీసి సాయంత్రాలు ఇంట్లో ఉండు" అన్నాడు. ఆయన కోప్పడలేదు, మామూలుగానే అన్నాడు. కానీ ఆ గంటసేపు తప్ప నాకు బయట కాలు పెట్టే వేళ ఇంకోటి లేదు. కాలేజీ, బస్సు, వంటిల్లు. మిగిలింది ఆ గంట. వాళ్ళు రాకపోతే పోయేది ఆట ఒక్కటే కాదు. "ఇంకో వారం చూడు నాన్నా, వస్తారు" అన్నాను. మాటిచ్చినట్టే ధీమాగా అన్నాను.

మగపిల్లలైనా ఆడుతున్నారా అంటే, వాళ్ళ క్రికెట్టూ పోయింది. ఇంతకుముందు కేకలతో చెవులు చిల్లులు పొడిచేవాళ్ళు, ఇప్పుడు కల్వర్టు గోడ మీద వరసగా కూర్చుని ఎవడి ఫోన్లోకి వాడు తల వంచుకుని ఉండేవారు. ఏం చేస్తున్నారర్రా అంటే "ఆడుతున్నాం దీదీ" అనేవారు. ఇళ్ళలో డబ్బున్నవాళ్ళు పవర్ హౌస్ బజారు వైపు కొత్తగా వేసిన పచ్చ తివాచీ మైదానానికి గంటల లెక్కన అద్దె కట్టుకుని వెళ్ళేవారు. దానికి చుట్టూ వల, పైన వల. వాళ్ళు పరిగెత్తిన నేలలో ఇప్పుడు కార్లు పెడుతున్నారు.

నాన్నకి చెప్పిన వారం అయిపోవచ్చింది. ఆ సాయంత్రం నేను ఎదురింటి గేటు దగ్గరికి వెళ్ళేసరికి పిన్ని అరుగు మీద చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను నోరు తెరవకముందే "ఈవేళ దానికి..." అని మొదలుపెట్టింది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"ఇంకెన్నాళ్ళు పిన్నీ? దాన్ని గదిలో పెట్టి తాళం వేస్తే మీకేం ఒరుగుతుంది? అది ఎంత ఆడేదో మీకు తెలీదా? మీరూ ఒకరోజు వచ్చి ఆడారు కదా! కూతురి ఉసురు పోసుకోకండి!" అన్నాను. అరిచానంటే సబబు. పక్క క్వార్టర్ వాళ్ళు తలుపు తీసి చూశారు.

పిన్ని చేట కింద పెట్టేసింది. ముఖం ఎర్రబడిపోయింది.

"ఓలమ్మో, నాను తాళమేసినానా? ఎవరితో అంటన్నావే ఆ మాట? నానెప్పుడు ఒద్దన్నాను? నీ గొంతు వినపడ్డంతోనే అదే గదిలోంచి 'అమ్మా, నువ్వే ఒద్దన్నావని చెప్పీ' అంటంది. కన్నకూతురు కదా, ఏటి చెయ్యను, చెప్పీసినాను. రోజూ నీ మొహం చూసి అబద్ధమాడలేక చచ్చిపోతన్నాను. ఆ మిగతా గుంటల ఇళ్ళలోనూ ఇదే వరస. అందరూ కలిసి అనుకున్నారు."

నేను గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఈ గొడవకి ఎదురింటిది గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఫోను, ఒక చెవిలో తీగ, రెండో తీగ వేలాడుతోంది. ఆ తీగలోంచి గొంతులు బయటికే వినిపిస్తున్నాయి. ముగ్గురివీ గుర్తుపట్టాను. బీహారీ పిల్లల్లో పెద్దది ఎవరొచ్చారని అడుగుతోంది. "కౌన్ ఆయా? ఫిర్ సే వో నెట్‌వాలీ?" మిగతా ఇద్దరూ నవ్వారు.

నెట్‌వాలీ. నెట్టుదాన్నని నాకో పేరు కూడా పెట్టుకున్నారు. పాత గిన్నెలు కొనడానికి వీధుల్లోకి వచ్చే ఆడమనిషిని పిలిచినట్టు. ఎలకలు కొట్టకుండా దుప్పట్లో చుట్టి పెట్టుకున్నాను చూడండి, దానికి వాళ్ళిచ్చిన బిరుదు అది.

ఎదురింటిది గబుక్కున తీగ పీకేసింది. "అలా కాదు యార్... చెప్తే నువ్వు బాధపడతావని" అంది.

"అందుకని మీ అమ్మని నా చేత తిట్టించావా?"

"ఇదీ ఆటే కదా. అలవాటైపోయింది. నువ్వే రాలేదు."

"ఎక్కడికి రావాలే? నాకు జాగా ఎక్కడ ఉంచారు?"

అది నా వైపు చూస్తూనే ఉంది. అంతలో చేతిలో ఫోను వణికింది, దాని కళ్ళు కిందికి వెళ్ళాయి. ఒక్క క్షణమే. నేను అక్కడ నిలబడి ఉండగా, కళ్ళలో నీళ్ళు ఆపుకోలేక గేటు ఊచలు పట్టుకుని ఉండగా, అది ఫోను చూసుకుంది. చెప్పిన అబద్ధాలన్నీ క్షమించగలనేమో గానీ ఆ చూపు ఇప్పటికీ క్షమించలేదు. "ఒక్క నిమిషం, ఇది అయిపోనీ, వస్తాను" అని లోపలికి వెళ్ళింది.

"కూర్చో తల్లీ, టీ తాగి ఎళ్దువు గాని" అంది పిన్ని. నేను ఆగలేదు. చెట్టు దగ్గరికెళ్ళి నెట్టు ముళ్ళు విప్పి ఇంటికి పట్టుకొచ్చాను. ఇంట్లో అమ్మ సంగతంతా విని, ముందే చెప్పానుగా అని ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నాకిష్టమైన మెంతికూర పప్పు వండింది. నాన్నతో మాత్రం నేనే చెప్పాను, ఇక వెళ్ళనని.

తర్వాత అందరికీ బతుకులు మొదలయ్యాయి. ఎదురింటిది రాయ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తోంది, సెలవులకి వస్తుంది. నేను పవర్ హౌస్‌లో ఒక హార్డ్‌వేర్ కొట్టులో లెక్కలు చూస్తాను. ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నా అనుకుంటాం. లోకం దృష్టిలో మా మధ్య ఏ గొడవా లేదు.

ఈ ఏడాది నాన్న రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ప్లాంటు టౌన్‌షిప్ బయట క్యాంప్ 1లో చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఆ ఇరుకు సందుల్లో నెట్టు కట్టడం మాట అటుంచి, రెండు మంచాలు పక్కపక్కన వెయ్యడమే కష్టం. సామాన్లు సర్దుతుంటే మంచం కింద దుప్పటి మూట బయటపడింది. పారెయ్యమంది అమ్మ. పారెయ్యలేక పెట్టెల మీద పెట్టాను.

అప్పుడే ఎదురింటిది మా పాత ఫోటో ఒకటి ఫోన్ గ్రూపులో పెట్టింది. నెట్టు ముందు ఐదుగురం, చెమట్లు కారుతూ. కింద "క్యా దిన్ థే యార్", ఎలాంటి రోజులవి, అని రాసింది. మిగతా ముగ్గురూ ఏడుపు బొమ్మలు, హృదయాలు పెట్టారు. చూసి ఫోను మంచం మీద విసిరికొట్టాను. ఏం దినాలు పోయాయమ్మా? ఎవరు పోగొట్టారు? నేను పిచ్చిమొక్కలు కోసి, నెట్టు కట్టి, గేటు గేటుకీ వచ్చి పిలిస్తే తలుపు చాటున నవ్వుకున్న మనుషులే కదా ఈ ఏడిచేది!

పోయిన ఆదివారం సాయంత్రం వంటింట్లో గిన్నెలు కాగితాల్లో చుడుతున్నాను. గేటు దగ్గర గొంతు వినిపించింది.

"పిన్నీ, దీన్ని కాస్సేపు పంపించండి."

ఎన్నేళ్ళయింది ఆ మాట విని!  కిటికీలోంచి చూశాను. ఎదురింటిది జుట్టు ముడేసుకుని, కాలికి బూట్లు వేసుకుని గేటు పట్టుకుని నిలబడింది. చేతుల్లో ఏమీ లేదు. గుల్‌మొహర్ కింద మిగతా ముగ్గురూ ఉన్నారు. ఒకతి చంకలో పిల్లాడు కూడా ఉన్నాడు. ఇప్పుడు అక్కడ కూడా పెడుతున్న కార్లని ఎవరో పక్కకి తీయించినట్టున్నారు.

"మీరు ఎలిపోతన్నారంట కదా పిన్నీ, అందర్నీ పిలిచాను. నెట్టు దాని దగ్గరే ఉంది. ఈ ఒక్కరోజూ ఆడదాం" అంటోంది.

అమ్మ నవ్వుతూ లోపలికి వచ్చింది. "ఎల్లవే. ఇన్నాళ్ళకి వచ్చి అడిగింది" అంది. నేను లేచాను. నా కాళ్ళు నన్ను అడక్కుండానే చెప్పుల దగ్గరికి వెళ్ళాయి. చెప్పులో కాలు దూరుస్తున్నాను, చెట్టు కింద వాళ్ళెవరో ఏదో అని నవ్వారు. ఏమన్నారో నాకు తెలియదు. మామూలు మాటే అయి ఉంటుంది. కానీ నాకు వినిపించింది ఆ తీగలోంచి వచ్చిన నవ్వే.

"అమ్మా, నువ్వే వద్దన్నావని చెప్పు" అన్నాను.

అమ్మ నా ముఖం చూసింది. పెట్టెల మీది మూట వంక చూసింది. "నిజంగానా?" అంది. నేను ఒంటి చెప్పుతోనే వంటింటి కిటికీ దగ్గరికి వెనక్కి వచ్చాను. అమ్మ కొంగు భుజాన సర్దుకుని బయటికి వెళ్ళింది. గేటు దగ్గర నిలబడి, ఎదుటి మనిషి ముఖం చూడకుండా, గోడ పక్కన నిమ్మమొక్క వైపు చూస్తూ చెప్పింది.

"నానే ఒద్దన్నానమ్మా."

 ఆ మాట ఎక్కడ పుట్టిందో ఎదురింటిదానికి తెలుసు కదా. తలెత్తి వంటింటి కిటికీ వైపు చూసింది. నేను పక్కకి తప్పుకోలేదు.  "అలాగే పిన్నీ" అంది, గేటు గడియ మెల్లిగా వేసి చెట్టు వైపు నడిచింది. దాన్ని ఇంకొక్కసారి అడగమని కేక వెయ్యాలనిపించింది నాకు. ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయాను.